మన కొండల మీదుగా పెద్ద కరెంటు లైను: పర్యావరణ పరిశీలనపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు పెద్ద కరెంటు లైన్లు కొత్త కాదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. జయపురం నుంచి గాజువాక దాకా 400 కె.వి. (కిలోవోల్టుల) లైను, అంగుల్ నుంచి శ్రీకాకుళం దాకా 765 కె.వి. లైను తూర్పు గ్రిడ్డును దక్షిణ గ్రిడ్డుతో కలుపుతున్నాయి. దక్షిణాదిలో వాడకం పెరుగుతున్నందున ఈ కొండల మీదుగా ఇంకా లైన్ల ప్రతిపాదనలు వస్తాయనే అనుకోవాలి. పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్, రాయగడ పరిసరాల్లో ఊరి పెద్దలు, రైతులు, సవర మిత్రులు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ఒక్క లైను కోసమో రాసినది కాదు, సరిహద్దు దాటే ఏ పెద్ద లైనుకైనా ఇది వర్తిస్తుంది.

లైను వేసే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగుతుందా?

జరగదు. అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఇదే. కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషనులో గనులు, థర్మల్ కేంద్రాలు, పెద్ద ఆనకట్టలు, రహదారుల వంటివి ఉన్నాయి గాని విద్యుత్ ప్రసార లైన్లు లేవు. అందువల్ల వాటికి పర్యావరణ అనుమతి అక్కరలేదు, దానిలో భాగమైన ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. బాక్సైటు గనుల సభలు చూసిన రాయగడ జిల్లా ప్రజలు లైను విషయంలోనూ ఒక రోజు కలెక్టరు గారు వచ్చి శామియానా కింద కూర్చుని తమ మాట వింటారని ఎదురుచూస్తారు. ఆ రోజు రాదు. ఎదురుచూస్తూ ఉండగానే మాట్లాడవలసిన అసలు సమయం గడిచిపోతుంది.

అయితే పర్యావరణ పరిశీలన అసలే లేదా?

ఉంది, కాని ముక్కలు ముక్కలుగా ఉంది. అటవీ భూమి తగిలితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద, అభయారణ్యం తగిలితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అడవిపై హక్కులున్న ప్రజలు ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద, దారి విషయంలో 2003 విద్యుత్ చట్టం కింద, ఇలా ఒక్కో ముక్కను ఒక్కో కార్యాలయం చూస్తుంది. వీటికి తోడు కేంద్ర ప్రభుత్వ విద్యుత్ ప్రసార సంస్థ అయిన పవర్‌గ్రిడ్ 1998 నుంచి తనకంటూ పర్యావరణ, సామాజిక విధానం ఒకటి పెట్టుకుని, దాని ప్రకారం ప్రాథమిక పర్యావరణ అంచనా నివేదిక తయారు చేస్తుంది. విదేశీ బ్యాంకుల అప్పుతో కట్టే లైన్లకు ఆ బ్యాంకుల షరతులు కూడా ఉంటాయి. ఈ ముక్కలన్నిటినీ కలిపి, మొత్తం లైను మన కొండకూ వాగుకూ ఏమి చేస్తుందో ఒకే చోట చెప్పే కాగితం మాత్రం చట్టం ప్రకారం ఎవరూ రాయనవసరం లేదు. ఇది పెద్ద లోటని నా నమ్మకం. ఆ లోటు ఉన్నంత కాలం ముక్కలను కలిపి చదివే పని ఊరివాళ్ల మీదే పడుతుంది.

లైను దారి ఎప్పుడు ఖరారవుతుంది? మేము ఎప్పుడు మాట్లాడాలి?

దారి కాగితం మీద ఉన్నప్పుడే మాట్లాడాలి. మొదట ఉపగ్రహ చిత్రాల మీద, సర్వే పటాల మీద రెండు మూడు ప్రత్యామ్నాయ దారులు గీస్తారు. అటవీ అనుమతి కోరే దరఖాస్తులో ఈ ప్రత్యామ్నాయాలను పోల్చి చూపి, అడవి తక్కువ పోయే దారిని ఎందుకు ఎంచుకున్నారో, లేదా ఎందుకు ఎంచుకోలేకపోయారో చెప్పాలి. ఆ తరువాత మనుషులు నడిచి సర్వే చేస్తారు, లైను మలుపు తిరిగే చోట్ల గుర్తులు పెడతారు. మలుపు బిందువులు ఒకసారి స్థిరపడితే వాటి మధ్య లైను దాదాపు తిన్నగా పోతుంది గనుక, ఒక తోటను తప్పించాలన్నా ముందూ వెనకా అనేక స్తంభాలు కదలాలి.

విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద భూముల మీదుగా లైను వేసే అధికారం కోరే ముందు సంస్థ లైను పోయే ఊర్ల పేర్లతో పత్రికల్లో ప్రకటన ఇస్తుంది, అభ్యంతరాలకు గడువు కూడా అందులోనే ఉంటుంది. ఆ ప్రకటనలో మన ఊరి పేరు ఉందో లేదో చూడడానికి ఒడియా లిపి చదవగలిగిన పిల్లలెవరినైనా కూర్చోబెట్టుకోండి. ఒక జాగ్రత్త: రాయగడ పేరుతో ఒక జిల్లా ఉంది, గజపతి జిల్లాలో అదే పేరుతో ఒక బ్లాకు కూడా ఉంది. రెండింటినీ కలగలిపి చదివి, మనది కాదులే అని వదిలేసిన వాళ్లను నేను చూశాను.

ఎంత వెడల్పున చెట్లు కొడతారు?

లైను వోల్టేజిని బట్టి దారి వెడల్పు నిర్ణయమై ఉంది. 132 కె.వి.కి 27 మీటర్లు, 220 కె.వి.కి 35, 400 కె.వి.కి 46, జంట సర్క్యూట్ల 765 కె.వి.కి 67, 800 కె.వి. డి.సి. లైనుకు 69 మీటర్లు. అయితే ఆ వెడల్పంతా బోసిగా చేయాలని నియమం లేదు. కేంద్ర అటవీ మార్గదర్శకాల ప్రకారం తీగ లాగడానికి ఒక్కో కండక్టరు, అంటే కరెంటు తీగ, కింద 3 మీటర్ల పట్టీని శుభ్రం చేయవచ్చు. మిగతా చోట తీగకూ చెట్టు కొమ్మకూ ఉండవలసిన దూరం, అంటే 400 కె.వి.కి 5.5 మీటర్లు, 765 కె.వి.కి 9 మీటర్లు, నిలుపుకోవడానికి అవసరమైనంత మేరకే కొట్టాలి లేదా కొమ్మలు నరకాలి. తీగ లాగిన తరువాత మరమ్మతుల కోసం ఒక పట్టీని ఉంచుకుని, మిగతా పట్టీల్లో మొక్కలను మళ్లీ పెరగనివ్వాలి.

కొండ ప్రాంతంలో ఈ నియమానికి చాలా విలువ ఉంది. ఒక కొండ నెత్తి నుంచి మరో కొండ నెత్తికి తీగ పోతున్నప్పుడు మధ్యలోని లోయలో చెట్లకూ తీగకూ ఎంతో ఎడం ఉంటుంది, అక్కడ చెట్టు కొట్టవలసిన పనే ఉండకపోవచ్చు. చెట్ల లెక్కింపుకు అటవీ సిబ్బంది వచ్చినప్పుడు ఊరివాళ్లు వెంట నడిచి, లోయల్లో కూడా గుర్తులు వేస్తుంటే, ఇక్కడ తీగ ఎంత ఎత్తున పోతుందో చూపించమని అడగాలి.

అటవీ అనుమతి ఎన్ని దశల్లో వస్తుంది?

రెండు దశల్లో వస్తుంది. మొదటిది సూత్రప్రాయ అనుమతి, రెండవది షరతులు నెరవేర్చిన తరువాత తుది అనుమతి. దరఖాస్తు పరివేష్ పోర్టల్‌లో (కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతుల వెబ్‌సైటులో) మొదలై, జిల్లా అటవీ అధికారి (డి.ఎఫ్.ఓ.) పరిశీలన, రాష్ట్ర ప్రభుత్వం మీదుగా ఆ మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి చేరుతుంది. రోడ్లు, లైన్ల వంటి పొడవాటి పనులకు ఒక ప్రత్యేకత ఉంది: సూత్రప్రాయ అనుమతి పొంది, సొమ్ము కట్టిన తరువాత, తుది అనుమతి రాకముందే చెట్లు కొట్టి పని మొదలుపెట్టడానికి అనుమతి ఇవ్వవచ్చు. కాబట్టి తుది అనుమతి రానీ, అప్పుడు చూద్దాం అనుకుంటే, చూసేసరికి చెట్లు నేల మీద ఉంటాయి. మన జిల్లాలకు లెక్కలోకి వచ్చేది మొదటి దశే.

పోయిన అడవికి బదులుగా, ఇలాంటి పనులకు రెట్టింపు విస్తీర్ణంలో క్షీణించిన అటవీ భూమిలో మొక్కలు నాటించాలి. ఆ నాటే స్థలం ఎక్కడో కూడా అడగండి. కాగితంలో క్షీణించిన అడవి అని రాసి ఉన్న చోటు నిజానికి ఎవరో తరతరాలుగా పోడు చేసుకుంటున్న డొంగరు (కొండ పొలం) కావచ్చు, ఊరి పశువుల బయలు కావచ్చు. లైను ఒక ఊరి నుంచి చెట్లు తీసుకుంటే, మొక్కల కంచె మరో ఊరి నుంచి భూమి తీసుకునే ప్రమాదం ఉంది.

గ్రామసభ ఒప్పుకోకపోతే లైను ఆగుతుందా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు, దయచేసి ఓపికగా చదవండి.

అటవీ భూమి మళ్లించే ముందు హక్కుల గుర్తింపు పూర్తయిందని, గ్రామసభ సమ్మతి ఉందని చూపాలని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2009 ఆగస్టు 3న ఆదేశించింది. అయితే 2013 ఫిబ్రవరి 5న అదే మంత్రిత్వ శాఖ, అనేక ఊర్ల గుండా పోయే రోడ్లు, కాలువలు, గొట్టాలు, కరెంటు లైన్లకు గ్రామసభ సమ్మతి నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుకు ఒక హద్దు పెట్టింది: ఆదిమ గిరిజన తెగల, వ్యవసాయానికి పూర్వదశలో ఉన్న సమాజాల గుర్తింపు పొందిన హక్కులకు దెబ్బ తగిలే చోట మినహాయింపు వర్తించదు.

మన జిల్లాల్లో ఈ హద్దు చాలా ముఖ్యం. ఒడిశాలో ప్రత్యేకంగా దుర్బలమైన తెగలుగా గుర్తించినవి 13. వాటిలో డోంగ్రియా కోందులు రాయగడ జిల్లాలోని నియమగిరి మీద, లాంజియా సవరలు రాయగడ, గజపతి జిల్లాల కొండల్లో, బోండాలు, దిదాయీలు మల్కన్‌గిరిలో ఉన్నారు. వాళ్ల హక్కులున్న అడవి గుండా దారి పోతే, సమ్మతి లేకుండా ముందుకు పోవడానికి ఆ 2013 లేఖ ఒప్పుకోదు. కాని లేఖలో గుర్తింపు పొందిన హక్కులు అన్న మాట ఉంది. సామూహిక హక్కుల దరఖాస్తులు ఏళ్ల తరబడి కార్యాలయాల్లో ఉండిపోతే, హక్కు లేదని కాదు గాని, చేతిలో చూపడానికి పత్రం ఉండదు. లైను మాట వినిపించినా వినిపించకపోయినా సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులను ఇప్పుడే పూర్తి చేయించుకోవాలని నేను ప్రతి ఊర్లోనూ చెప్పేది ఇందుకే. తక్కిన వారికి కూడా, గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యేదాకా అటవీ నివాసులను వాళ్ల సాగు భూమి నుంచి తొలగించరాదని అటవీ హక్కుల చట్టం 4వ సెక్షన్‌లోని 5వ ఉపసెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

ఇంకొక సంగతి. ఆంధ్రాలో చుట్టాలున్న మనకు గ్రామసభ అంటే ఒక అర్థం ఉంది, కాని ఒడిశాలో గ్రామసభ అంటే మొత్తం పంచాయతీది, ఒక్కో ఊరిది పల్లీ సభ. అటవీ హక్కుల పనికి ఇక్కడ పల్లీ సభే కూర్చోవాలి. ఆ చట్టం నియమాలకు 2012లో చేసిన సవరణ తరువాత కనీసం సగం మంది సభ్యులు హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలు ఉండాలి. ఏ ఊరి తీర్మానాన్నయినా పట్టుకుని మొదట చూడవలసినవి సంతకాలూ వేలిముద్రలూ. గుణుపురం వైపు ఒక ఊర్లో తీర్మానాన్ని ఒడియాలో గబగబా చదివి సంతకాలు తీసుకున్న సందర్భంలో నేనక్కడే ఉన్నాను. సవర స్త్రీలు, తెలుగు రైతులు ఇద్దరూ తలలూపారు, అందులో ఏముందో ఇద్దరికీ తెలియదు. చదివింది మీ భాషలో మళ్లీ చెప్పేదాకా వేలిముద్ర వేయకండి.

సభ మాటకు విలువ లేదని మాత్రం ఎవరు చెప్పినా నమ్మవద్దు. నియమగిరి బాక్సైటు గని విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని సభలకే వదిలింది. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 సభలూ వద్దన్నాయి, గని రాలేదు. అది గని, ఇది లైను, రెండింటి నియమాలు ఒకటి కావు. కాని ఆ కొండల మీద ఎవరికి ఏ హక్కులున్నాయో తేల్చవలసింది సభే అన్న సూత్రం అక్కడ నిలబడింది.

మనది సరిహద్దు జిల్లా కనుక అటవీ చట్టం నుంచి మినహాయింపు ఉందంటున్నారు. నిజమేనా?

కాదు. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణలో 100 కిలోమీటర్లలోపు పనులకు ఇచ్చిన మినహాయింపు అంతర్జాతీయ సరిహద్దుకు, జాతీయ భద్రతకు సంబంధించినది. ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకు దానితో సంబంధం లేదు.

లైను రెండు రాష్ట్రాల్లో పోతే ఒకే అనుమతి సరిపోతుందా?

సరిపోదు. ఏ రాష్ట్రంలోని అడవికి ఆ రాష్ట్రంలో వేరే ప్రతిపాదన ఉంటుంది. దీనివల్ల ఒక చిక్కు ఉంది: వంశధారకు ఇటూ అటూ ఉన్నది ఒకే అడవి, తిరిగేవి అవే ఏనుగులు, కాని దస్త్రాలు రెండు. అవతలి వైపు ప్రతిపాదన సంఖ్య కూడా తెలుసుకుని రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఏనుగులకు, పక్షులకు ప్రమాదం ఎంత?

గజపతి జిల్లాలోని లఖారి లోయ అభయారణ్యం పరిసరాల ఏనుగులు రాష్ట్రాల హద్దు ఎరగవు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో విద్యుదాఘాతానికి నాలుగు ఏనుగులు చనిపోవడం ఇక్కడివారెవరూ మరచిపోలేదు. న్యాయంగా చెప్పాలంటే ఏనుగులను ఎక్కువగా చంపుతున్నవి పొలాల్లో కిందికి వేలాడే తక్కువ వోల్టేజి తీగలే. 400 కె.వి. తీగ నేల నుంచి కనీసం 8.84 మీటర్ల ఎత్తున ఉండాలి గనుక తొండానికి అందడం అరుదు. పెద్ద లైనుతో వచ్చే నష్టం వేరు: ఏనుగులు నడిచే దారిలో అడవి చీలిపోవడం, సామాను మోయడానికి వేసిన బాటలు తరువాత కలప దొంగలకు దారి కావడం, పని జరుగుతున్న రోజుల్లో బెదిరిన మంద ఊర్ల మీద పడడం. భారత వన్యప్రాణి సంస్థ 2016లో ఇలాంటి పనులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఏనుగులు ఏ నెలలో ఏ కనుమ దాటుతాయో ఊరివాళ్లకు తెలిసినంతగా ఏ నివేదికకూ తెలియదు కాబట్టి, ఆ సమాచారాన్ని రాతపూర్వకంగా డి.ఎఫ్.ఓ. కార్యాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.

అభయారణ్యం లోపల దారి పోవాలంటే జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం దగ్గరికి వెళ్లాలి. పక్షులు తీగను చూడలేక తగిలి చనిపోతాయి, అందుకే చెరువులు, నదులు దాటే చోట్ల తీగలకు కనబడే గుర్తులు కట్టిస్తారు. ఏటా తేలినీలాపురం వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఎగిరే ప్రాంతాల్లో ఈ షరతును ముందే రాయించాలి.

కొండవాలు మీద స్తంభాలు నిలబెడితే మట్టి జారదా?

జారవచ్చు, అందుకే ఇది తేలికగా వదిలే విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. స్తంభం కాళ్ల గుంతల కంటే అక్కడికి యంత్రాలు ఎక్కడానికి వాలు కోసి వేసే బాట ఎక్కువ మట్టిని వదులు చేస్తుంది. వాలును చదును చేయకుండా ఎగుడుదిగుడు కాళ్ల స్తంభాలు వాడమని, తవ్విన మట్టిని వాగులో పోయవద్దని, వర్షాకాలంలో వాలు మీద తవ్వకం ఆపమని, అవసరమైన చోట రాతి గోడ కట్టమని అడగండి. కొండ కింది ఊర్లు ఊట నీటి మీద బతుకుతాయి. ఊట పుట్టే చోటును పటంలో గుర్తుపెట్టి చూపించాలి.

భూమిని ప్రభుత్వం తీసుకుంటుందా? పరిహారం ఎంత?

భూమి తీసుకోరు, పట్టా మీ పేరునే ఉంటుంది. 164వ సెక్షన్ అధికారం ఉన్న సంస్థకు 1885 టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు వస్తాయి, యజమాని ముందస్తు సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చినా, కరెంటు లైన్లకు సంబంధించి ఆ పాత భాగాన్ని కొనసాగించారు. అయితే అదే చట్టం జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలంటుంది. అడ్డగిస్తే కలెక్టరు ఉత్తర్వు ఇవ్వగలరు, పరిహారం చాలలేదంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు.

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 మార్గదర్శకాల్లో స్తంభం నిలిచే చోటికి భూమి విలువలో 85 శాతం, తీగ కింది పట్టీకి గరిష్ఠంగా 15 శాతం అని ఉండేది. 2024 జూన్ 14 నాటి మార్గదర్శకాలు వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచాయి. ఇవి రాష్ట్రాలు అమలు చేయవలసిన మార్గదర్శకాలు కనుక మీ జిల్లాలో ఏ రేటు అమల్లో ఉందో కలెక్టరేటులో ఉత్తర్వు ప్రతి అడిగి తీసుకోండి. పంట, చెట్ల నష్టం దీనికి వేరుగా లెక్కకట్టాలి. పట్టా లేని పోడు రైతు ఈ లెక్కలోంచి జారిపోతాడు, అదే నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. అటవీ హక్కు పత్రం ఉంటే అతని మాటకు ఆధారం ఉంటుంది.

తీగ కింద జీడితోట ఉంచుకోవచ్చా?

వరి, పత్తి, రాగి, కంది వేసుకోవచ్చు. పొట్టిగా కత్తిరించి పెంచే జీడిమామిడికి స్థలాన్ని బట్టి వీలుండవచ్చు, ముందే రాతపూర్వకంగా అడగండి. చింత, మామిడి, జీలుగు, నీలగిరి నిలవవు. జీలుగు చెట్టును లెక్కల్లో ఉత్త తాటిజాతి చెట్టుగా రాసేస్తారు, కాని సవర ఇంటికి అది ఏళ్ల తరబడి కల్లునిచ్చే ఆస్తి. చెట్ల జాబితాలో దాని పేరు, వయసు, ఏటా వచ్చే ఆదాయం రాయించండి.

లైను దగ్గర ఉంటే జబ్బులు వస్తాయా?

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ తక్కువ పౌనఃపున్యపు అయస్కాంత క్షేత్రాలను బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు అనే వర్గంలో పెట్టింది. అంటే సాక్ష్యం పరిమితంగా ఉందని, రుజువు కాలేదని అర్థం. దారి పట్టీలోపల ఇల్లు కట్టకూడదు, పట్టీ దాటితే క్షేత్రం త్వరగా తగ్గిపోతుంది. రోజువారీ జాగ్రత్త వేరే ఉంది: తీగ కింద ఇనుప కంచెకు, రేకుల పాకకు ఎర్త్ చేయించాలి, లేకపోతే ముట్టుకున్నప్పుడు జిల్లుమంటుంది. ఈ ఎర్తింగు సంస్థ ఖర్చుతో చేయమని అడగండి.

భూమి లోపల కేబుల్ వేయలేరా?

తక్కువ దూరాలకు వేస్తారు. వందల కిలోమీటర్ల ఎ.సి. లైనుకు కేబుల్ వేస్తే సాంకేతిక ఇబ్బందులు, ఖర్చు రెండూ విపరీతంగా పెరుగుతాయి, కొండరాతిలో ఆసాంతం కందకం తవ్వాలి. ఇక్కడ దారి మార్చమని అడగడమే ఎక్కువ ఫలితమిస్తుంది.

అర్జీ తెలుగులో ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. కష్టనష్టాల పరిష్కారానికి ఏ అధికారికైనా యూనియన్‌లో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. తెలుగు అర్జీని తిప్పి పంపితే ఆ అధికరణాన్ని అర్జీ పైభాగాన రాసి మళ్లీ ఇవ్వండి. పని త్వరగా కావాలంటే ఒడియా ప్రతి ఒకటి జతచేయడం మేలు. ప్లాటు నంబరు, ఖాతా నంబరు భూలేఖ్‌లో (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటులో) ఉన్నట్టే ఒడియాలో రాయాలి, తప్పితే అర్జీ మీ పొలానికి చేరదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

పరివేష్ పోర్టల్‌లో ప్రతిపాదన సంఖ్యతో వెతికితే దరఖాస్తు, పరిశీలన నివేదికలు కనిపిస్తాయి, దారి పటం ఫైలు కూడా ఉండవచ్చు. ఆ ఫైలును గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే లైను మీ ఊరి చెరువు మీదుగా పోతోందా, శ్మశానం మీదుగానా అన్నది కళ్లకు కనిపిస్తుంది. ఊర్లో చదువుకున్న పిల్లలకు ఇది పావుగంట పని. అక్కడ దొరకని వాటికి, అంటే చెట్ల లెక్క పట్టిక, పల్లీ సభ తీర్మానం ప్రతి, కలెక్టరు ఇచ్చిన అటవీ హక్కుల ధ్రువపత్రం వంటి వాటికి, పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. కలెక్టరు ధ్రువపత్రంలో మీ ఊర్లో హక్కుల ప్రక్రియ పూర్తయిందని ఉండి, మీ దరఖాస్తులు ఇంకా తేలకుండా ఉంటే, ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. నా అనుభవంలో ఇంతకు మించిన బలమైన అభ్యంతరం లేదు.

అనుమతి వచ్చేసిన తరువాత చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. అటవీ అనుమతిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో 30 రోజుల్లోగా అప్పీలు చేయవచ్చు, తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా సడలింపు ఉంటుంది. ఒడిశాకు కోల్‌కతాలోని తూర్పు ధర్మాసనం వర్తిస్తుంది. ఉత్తర్వు తేదీని గోడ మీద రాసుకోండి, గడువు దాటితే తలుపు మూసుకుంటుంది. అప్పీలుకు పోకపోయినా, అనుమతి పత్రంలోని షరతుల జాబితాను తెలుగులో రాయించి పల్లీ సభలో చదివి వినిపించండి: ఎన్ని చెట్లు, ఏ పట్టీలో మళ్లీ పెరగనివ్వాలి, మట్టి ఎక్కడ పోయాలి, మొక్కలు ఎక్కడ నాటాలి. గుత్తేదారు మనుషులు గొడ్డళ్లతో వచ్చిన రోజు ఆ జాబితా ఊర్లో ఎవరి చేతిలోనైనా ఉండాలి. గుర్తులేని చెట్టు మీద వేటు పడితే వెంటనే ఫోటో తీసి, చోటు, తేదీ రాసి రేంజరు కార్యాలయానికి ఇవ్వాలి.